20 బాత్‌ల మామిడిపండుకి 1000 నోటు: తప్పు నాదా ఆవిడదా?

చిల్లరలేని_సత్తిబాబు
బ్యాంకాక్ వచ్చి ఇవాళ్టికి రెండో రోజు. హైదరాబాద్‌లో ఫారెక్స్ (విదేశీ డబ్బు మార్చే) కౌంటర్లో 15,000 బాత్‌లు (థాయ్‌లాండ్ డబ్బు) అడిగితే పదిహేను 1000 నోట్లు కవర్లో పెట్టి చేతికిచ్చాడు, నేనూ ఫెళఫెళలాడుతున్నాయి కదా అని మురిసిపోయి జేబులో పెట్టుకున్నా. ఒక్కో నోటు మన లెక్కలో రెండున్నర వేల పైమాటే. నిన్న సాయంత్రం టాక్సీ ఎక్కితే మీటర్ 87 చూపించింది, 1000 ఇచ్చా, "నో చేంజ్" అన్నాడు, ఐదు నిమిషాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాక జేబులు, డాష్‌బోర్డు, సీటు కింద అన్నీ వెతికి 600 తీసి ఇంతే ఉంది అన్నాడు. 313 బాత్‌లు గోవిందా. ఆ 600 రాత్రి భోజనానికే అయిపోయాయి.

ఇవాళ పొద్దున హోటల్ ముందు పళ్ళబండి. అద్దాలపెట్టెలో ఐసు మీద పళ్ళు పేర్చి ఉన్నాయి, మామిడి చూపించగానే ఆవిడ కత్తితో టకటకా ముక్కలు కోసి కవర్లోకి తోసి ఓ పుల్ల గుచ్చి, పంచదార ఉప్పు కారం కలిపిన బుల్లి పొట్లం కూడా పడేసింది. 20 బాత్‌లు. నోటు చూడగానే చెయ్యి అడ్డంగా ఊపి "మై మీ, మై మీ" అంది (లేదు అని). వెనక్కిద్దామంటే పండు కోసేసింది కదా. కవర్ నా చేతిలోనే పెట్టి, వేలితో కింద నేల చూపించి, రేపు ఇక్కడే ఇవ్వు అన్నట్టు సైగ చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడేమో వ్యాపారం చేసేవాళ్ళు చిల్లర పెట్టుకోవద్దా, మనమెందుకు సిగ్గుపడాలి అంటోంది. రూమ్‌లో అదే గొడవ నడుస్తోంది. తప్పెవరిది చెప్పండి, అలాగే మిగతా నోట్లు ఎలా విడిపించాలో కూడా.

బ్యాంకాక్_బుల్లోడు
ఏ సందులోనైనా సెవెన్ ఎలెవెన్ షాపు ఉంటుంది, వెళ్ళి నీళ్ళసీసా కొని 1000 ఇవ్వు. మొహం కూడా చిట్లించరు, లెక్కపెట్టి చేతిలో పెడతారు. నేను ఆరేళ్ళ నుంచి చేస్తున్న పని ఇదే. రోజుకో నోటు విడిపించుకుని ఆ 100లూ 20లూ ఎడమ జేబులో, మిగతావి హోటల్ లాకర్లో.

బ్యాంకాక్_బుల్లోడు
ఇంకోటి మర్చిపోయా. ఏటీఎంలో తీసినా 1000లే వస్తాయి. మన కార్డుకి తీసిన ప్రతిసారీ 200 పైచిలుకు బాత్‌లు అక్కడి బ్యాంకు ఫీజు, 1000 తీసినా 10,000 తీసినా అంతే. కాబట్టి ఒకేసారి తియ్యి, కానీ 10,000 అని కొట్టకుండా 9,900 అని కొట్టు. ఆ చివరి 900కైనా చిన్ననోట్లు పడతాయి.

గల్లాపెట్టె
సత్తిబాబూ మీ ఆవిడే కరెక్టు. దుకాణం పెట్టుకున్నోడు చిల్లర పెట్టుకోవాలె. మనం నకిలీ నోటు ఇస్తున్నమా, గవర్నమెంట్ అచ్చేసిన నోటే గదా. గిరాకీ జేబులెంత చిల్లరుందో సూసుకుని తిరగాల్నా ఏంది?

చిల్లరలేని_సత్తిబాబు
దుకాణం కాదన్నా, తోపుడు బండి. ఆవిడ పొద్దున్నుంచి అమ్మిందంతా కలిపినా 980 ఉంటుందో లేదో.

రిటైర్డ్_కండక్టర్
నేను 31 ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టాను. మీరడిగిన ప్రశ్న ఇంచుమించు రోజూ విన్నదే. తెల్లారగట్ల ఫస్ట్ ట్రిప్పు, బ్యాగులో ఉన్నది ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న నా సొంత చిల్లర, మొదటి స్టేజీలో ఎక్కిన పదిమందిలో ఏడుగురు 15 రూపాయల టికెట్టుకి 500 తీస్తారు. లేదంటే "కండక్టరువై ఉండి చిల్లర లేకపోవడమేంటయ్యా" అని దబాయింపు. ఆ ఏడుగురిలో ఐదుగురి పైజేబులో పదిరూపాయల కాగితాలు ఉంటాయి. అది నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఎవరి చిల్లర వాళ్ళు దాచుకుని ఎదుటివాడిది ఖర్చుపెట్టాలని చూస్తారు, జబ్బంతా అక్కడుంది.

ఇంక టికెట్టు వెనకాల 485 అని రాసి కింద గీత గీసి ఇచ్చేవాణ్ణి. దిగేటప్పుడు గుర్తుచేసి తీసుకునేవాళ్ళు కొందరు, దిగిపోయి నాలుగడుగులేశాక గుర్తొచ్చి బస్సు వెంట పరిగెత్తుకొచ్చేవాళ్ళు కొందరు. అస్సలు గుర్తురానివాళ్ళూ ఉంటారు. వాళ్ళ డబ్బులు నేను తినేశాననుకుంటారు. రూపాయి, రెండు రూపాయలు తిన్నాను, అబద్ధమెందుకు. నోట్లు మాత్రం డిపోలో కట్టేశా.

గల్లాపెట్టె
ఒప్పుకున్న మొదటి కండక్టర్ మీరే సారూ. దండం.

తిన్నగా_దిగు
ఇప్పుడైతే సగం బస్సుకి జీరో టికెట్టే కదా, చిల్లర బాధ కూడా సగం తగ్గుంటుంది మాస్టారూ.

రిటైర్డ్_కండక్టర్
మిగిలిన సగం మంది మాత్రం పూర్తిగా 500లే తీస్తున్నారట.

లెస్టర్_నైట్‌షిఫ్ట్
యూకేలో ఎంఎస్సీ చదువుతూ పార్ట్‌టైమ్ కార్నర్ షాప్‌లో కౌంటర్ మీద చేస్తున్నా, ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తా. పొద్దున షాపు తెరిచేటప్పుడు మా గల్లాలో 100 పౌండ్ల చిల్లర పెట్టి ఇస్తారు, దాన్ని ఫ్లోట్ అంటారు. అందులో 5 పౌండ్ల నోట్లు ఓ ఎనిమిది, 10లు రెండో మూడో, మిగతావి నాణేలు. ఏడింటికి ఒకడొచ్చి చూయింగ్ గమ్ ప్యాకెట్ తీసుకుని 50 పౌండ్ల నోటు ఇస్తే ఆ ఒక్కడితో నా 5లూ 10లూ దాదాపు ఖాళీ. వాడి వెనక నిలబడ్డ ముసలావిడ పాలడబ్బాకి 20 ఇస్తే నాణేలు లెక్కపెట్టి ఇవ్వాలి, ఆవిడ తిట్లు నాకు. పైగా ఇక్కడ మామూలు జనం చేతిలో 50 నోటు కనిపించేది తక్కువ, షాపువాళ్ళకి దాన్ని చూస్తేనే అనుమానం. లైటుకి ఎత్తి చూడాలి, మేనేజర్ని పిలవాలి, ఈలోగా క్యూ తలుపుదాకా పోతుంది.

ఇంకో సంగతి, ఇండియా నుంచి కొత్తగా వచ్చే మనవాళ్ళ జేబుల్లో ఉండేవి ఆ 50లే. నేనూ అలాగే దిగా. మొదటి రోజు బస్సు డ్రైవర్ నోటు చూసి, నన్ను చూసి, నా రెండు సూట్‌కేసులు చూసి, "లోపలికెళ్ళి కూర్చో" అని చెయ్యూపాడు.

కోర్టుపక్షి
లెస్టర్ గారూ, చట్టం చెల్లుతుందని ఒప్పుకున్న నోటుని, అంటే లీగల్ టెండర్‌ని, వద్దనడానికి మీ మేనేజర్ ఎవరు?

లెస్టర్_నైట్‌షిఫ్ట్
అందరూ అదే పదం పట్టుకుంటారు. ఇక్కడ లీగల్ టెండర్ అనేది అప్పు తీర్చే దగ్గర పనికొచ్చే మాట. షాపులో నువ్వు ఇంకా నాకు అప్పులేవు, అమ్మాలో వద్దో నా ఇష్టం. అందుకే కార్డు తప్ప తీసుకోం అని బోర్డు పెట్టిన కాఫీ షాపులు బోలెడు.

డల్లాస్_బావ
అమెరికాలో కూడా అంతే, ప్రైవేటు షాపు క్యాష్ తీసుకుని తీరాలని ఫెడరల్ చట్టమేదీ లేదు. కొన్ని రాష్ట్రాలూ ఊళ్ళూ సొంతంగా రూల్ పెట్టుకున్నాయి, అది వేరే సంగతి. పెట్రోల్ బంకు కౌంటర్ మీద 20 దాటిన నోట్లు తీసుకోం అని స్టిక్కర్ ఉంటుంది, రాత్రిపూట దొంగల భయం, గల్లాలో ఎక్కువ డబ్బు ఉంచరు.

మా మామగారి కథ చెప్పాలి. పోయిన వేసవిలో వచ్చారు, ఇండియాలో మార్చిన డబ్బంతా 100 డాలర్ల కాగితాలే. శనివారం పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళి మా వీధి చివర గరాజ్ సేల్‌లో (ఇంట్లో పాత సామాను ఇంటిముందే పెట్టి అమ్ముతారు) ఓ ఇత్తడి గంట చూశారు, 2 డాలర్లు. 100 తీసి ఇచ్చారు. ఆ పెద్దావిడ దగ్గర ఉన్నదల్లా బిస్కెట్ల డబ్బాలో కొన్ని క్వార్టర్లు (పావు డాలర్ నాణేలు), ఒంటి డాలర్లు. నోటుని ఎండకి ఎత్తి చూసి నవ్వేసి, ఊరికే తీసుకెళ్ళండి అందట. ఈయనకి రోషం. ఊరికే తీసుకోవడానికి నేనేమన్నా యాచకుణ్ణా అని గంట అక్కడే పెట్టేసి, ఆ ఎండలో మైలు నడిచి ఇంటికొచ్చి నా కార్లో కప్పు హోల్డర్లో ఉన్న క్వార్టర్లు ఎనిమిది ఏరుకుని మళ్ళీ మైలు నడిచి వెళ్ళారు. అప్పటికి గంట ఎవరో కొనేసుకున్నారు. ఇప్పటికీ ఫోన్ చేస్తే మూడో మాట ఆ గంటే.

పెన్నాతీరం
క్వార్టర్లు ఎనిమిది, లెక్క కరెక్టే హహ.

జ్యూరిక్_నుంచి
అందరూ ఒకేలా చెప్తున్నారు కాబట్టి రెండో పక్క కూడా వినండి. స్విట్జర్లాండ్‌లో 1000 ఫ్రాంకుల నోటు ఇప్పటికీ నడుస్తోంది, ఊదారంగు, మీద రెండు చేతులు కరచాలనం చేసుకుంటున్న బొమ్మ. మన డబ్బులో దాదాపు లక్ష రూపాయలు ఒక కాగితంలో. దాన్ని రోజూ వాడరు గానీ 200 నోటు ఇచ్చి బ్రెడ్డు కొనేవాళ్ళని వారానికొకసారైనా చూస్తా, కౌంటర్ అమ్మాయి కనురెప్ప కూడా వెయ్యదు. చట్టం కూడా విచిత్రం, నాణేలైతే ఒక లావాదేవీకి 100 దాకా తీసుకుంటే చాలు, నోట్లకి పరిమితి లేదు. చిల్లర గుమ్మరించేవాడే ఇక్కడ ఇబ్బంది పెట్టేవాడు, పెద్దనోటు ఇచ్చేవాడు కాదు. సరిహద్దు దాటి యూరోల్లోకి వెళ్తే కథ మారిపోతుంది, పెట్రోల్ బంకు తలుపు మీద 200, 500 నోట్ల బొమ్మలకి అడ్డగీత కొట్టి ఉంటాయి. యూరోపియన్ కమిషన్ 2010లో ఇచ్చిన సిఫార్సు కూడా ఇలాగే ఉంటుంది, పెద్ద నోట్లు తీసుకోవాలి, అయితే కొన్న వస్తువుకీ నోటుకీ పొంతన లేకపోతే కాదనొచ్చు.

గల్లాపెట్టె
సూసినవా కండక్టర్ సారూ, స్విస్సోడు చిల్లర పెట్టుకుంటున్నడు.

రిటైర్డ్_కండక్టర్
స్విస్ బస్సులో మన ఆర్డినరీ సర్వీసు జనం ఎక్కితే అప్పుడు మాట్లాడదాం.

యూరో_రైలు
500 యూరోల నోటు కొత్తగా విడుదల చెయ్యడం 2019లో ఆపేశారు. స్పెయిన్‌లో ఒకప్పుడు దానికి బిన్ లాడెన్ అని పేరు పెట్టుకున్నారు. ఉందని అందరికీ తెలుసు, చూసినవాడు లేడు.

కువైట్_కడపోడు
ఏందప్పా మీరంతా వెయ్యీ లక్షా అంటాండారు, మా దగ్గర 20 దినార్లే పెద్దనోటు. 20 అంటే చిన్నదనుకునేరు, మన రూపాయల్లో అయిదు వేల పైనే. జీతం ఇచ్చేది ఆ నోట్లతోనే. శుక్రవారం పొద్దన్నే బకాలాకి (కిరాణా కొట్టుకి) పోయి 100 ఫిల్స్ (దినార్లో పదోవంతు) ఖుబ్బూస్ రొట్టెకి ఆ నోటు తీస్తే మలయాళీ అన్న చూసే చూపుండాదే, మా నాయన కూడా అట్ల చూడలా నన్ను. అయినా కాదనడు. నోటు పుస్తకంలో పేరు రాసుకుంటాడు, నెలాఖరుకి అంతా కలిపి ఇస్తాం. ఖాతా ఉండేవానికి చిల్లరతో పనిలా. సత్తిబాబన్నకి ఆ బండెమ్మ చేసింది అదే, ఒకరోజు ఖాతా తెరిచింది.

తిన్నగా_దిగు
ఇంతకీ అందరూ నోట్లెందుకు మోస్తున్నారు, యూపీఐ కొట్టొచ్చుగా. ఆ పళ్ళబండికి క్యూఆర్ ఉండే ఉంటుంది.

బ్యాంకాక్_బుల్లోడు
ఉంటుంది, బిచ్చం వేసే చోట కూడా ఉంటుంది. కానీ అది ప్రాంప్ట్‌పే, అక్కడి బ్యాంకు ఖాతాల కోసం పెట్టింది. మా తమ్ముడొచ్చి మన యాప్‌తో స్కాన్ చేస్తే గుండ్రంగా తిరిగి తిరిగి ఎర్రగా ఎర్రర్ చూపించింది, వెనక నిలబడ్డ పిల్లలు నవ్వారు. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో కొన్నిచోట్ల నడుస్తుందని ఇక్కడా నడుస్తుందనుకుని రావద్దు.

క్యోటో_కాఫీ
జపాన్‌లో కన్వీనియన్స్ స్టోర్‌లో 10,000 యెన్‌లు ఇచ్చి 120 యెన్‌ల టీ కొన్నా ఏమీ అనరు, పైగా చిల్లర నోట్లు నీ కళ్ళముందు ఒక్కోటి లెక్కపెట్టి చూపించి ఇస్తారు. అక్కడ మనిషితో తంటా లేదు, మెషీన్‌తోనే. క్యోటో సిటీ బస్సు 230 యెన్‌లు, దిగేటప్పుడు ముందర డ్రైవర్ పక్కన డబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బాకి 1000 నోటు పెడితే చిల్లర రాలుతుంది, 10,000 పెట్టే సందే లేదు. నేను నోటు పట్టుకుని నిలబడ్డా, వెనక ముప్ఫైమంది, ఒక్కళ్ళూ నోరెత్తలేదు, ఆ నిశ్శబ్దం కంటే మన బస్సులో తిట్లే నయం అనిపించింది. వెనక్కి తిరిగి నోటు పైకెత్తి చూపించా. కాలేజీ పిల్లాడొకడు పర్సు తీసి, 5000 ఒకటి, 1000లు ఐదు లెక్కపెట్టి ఇచ్చి, నాకే వంగి నమస్కారం పెట్టాడు. నేనూ వంగా. డ్రైవర్ కూడా వంగాడు.

2024 జులైలో కొత్త నోట్లు వచ్చాక ఇంకో బాధ, రామెన్ (నూడుల్స్ సూప్) షాపుల బయట టికెట్ మెషీన్లు పాతవైతే కొత్త నోటు ఉమ్మేసేవి. లోపల వాసన వస్తుంటుంది, బయట నోటు పెడుతుంటే వెనక్కొస్తుంటుంది.

పెన్నాతీరం
వియత్నాం వెళ్ళేవాళ్ళకి. అక్కడ 500,000 డాంగ్‌ల నోటు, 20,000 నోటు రెండూ నీలమే, రెండూ ప్లాస్టిక్, రెండిటి మీదా ఆ గడ్డం పెద్దాయనే (హో చి మిన్). హనోయిలో రాత్రి మసక వెలుతురులో 20,000 కాఫీకి 500,000 ఇచ్చేసి వచ్చేశా, ఇరవై అయిదు కాఫీల డబ్బు. సందు మలుపు తిరిగాక వెనకనుంచి చెప్పుల చప్పుడు, కాఫీ అమ్మినావిడ పరిగెత్తుకుంటూ వచ్చి నోటు నా చేతిలో పెట్టి 20,000 అడిగి తీసుకుంది. ఏదో తిట్టింది కూడా. అర్థం కాలేదు కానీ మా అమ్మ గొంతులాగే ఉంది. అప్పట్నుంచి ఆ 500,000లు పర్సులో వేరే అరలో పెడుతున్నా.

కోర్టుపక్షి
అందరూ మంచివాళ్ళ కథలే చెప్తున్నారు. నాకు ఒక బీచ్ ఊళ్ళో (దేశం పేరు వద్దు) పెద్దనోటు ఇస్తే, వాడు బల్ల కిందకి వంగి లేచి నువ్వు ఇచ్చింది ఇది అని చిన్ననోటు చూపించాడు. నిరూపించేదెలా? ఇప్పుడు పెద్దనోటు ఇచ్చేటప్పుడు పైకి ఎత్తి అంకె గట్టిగా చదివి ఇస్తా. పెళ్ళిలో కట్నాలు చదివినట్టు.

గల్లాపెట్టె
అదిగో, గట్ల మోసం చేసేటోళ్ళు కూడా చిల్లర లేదనే అంటరు. సత్తిబాబు టాక్సీవోడి సీటు కింద 313 ఉండే ఉంటది.

డల్లాస్_బావ
ఉండొచ్చు. కానీ 87కి 1000 తీసినవాడే వాడికి ఆ అవకాశం ఇచ్చింది. 100 ఇచ్చుంటే మహా అయితే 13 పోయేవి.

ఈస్ట్_గోదావరి_ఎక్స్‌ప్రెస్
ఇందులో ఇంకో తిరకాసు ఉందండోయ్. డాలర్లు పట్టుకుని బ్యాంకాక్ వెళ్తే అక్కడి మనీ ఛేంజర్ బోర్డు మీద 100 డాలర్ల నోటుకి ఒక రేటు, 20కి తక్కువ రేటు, 1 డాలర్ నోటుకి ఇంకా తక్కువ రేటు రాసుంటాయి. చిన్ననోట్లు పట్టుకెళ్దాం అనుకున్నవాడికి అక్కడ బొక్క. అందుకని మార్చుకునేది పెద్దనోటు, ఖర్చుపెట్టేది చిన్ననోటు. ఆ 100 మీద పెన్ను గీత గానీ మడత చిరుగు గానీ ఉంటే అదీ చెల్లదు, కంబోడియాలో మా బాబాయి నోటుకి పిన్నీసంత చిరుగుందని మూడు కొట్ల వాళ్ళు వెనక్కిచ్చారు. మన దగ్గర సగం నోటుకి టేపేసి కూడా నడిపించేస్తామాయె.

ఇంకోటి, ఇక్కడే ఫారెక్స్ వాడి దగ్గర నోట్లు తీసుకునేటప్పుడే విడగొట్టి ఇవ్వమని అడగాలండి. ముందురోజు ఫోన్ చేసి 100లు ఇన్ని, 500లు ఇన్ని అని చెప్తే తెప్పించి పెడతారు. సంతకం పెట్టి కవర్ తీసుకున్నాక అడిగితే "స్టాక్ లేదు సార్".

తిన్నగా_దిగు
ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళు మన 500లు పట్టుకుని సరదాగా బయల్దేరొద్దు. 2018 డిసెంబర్లో నేపాల్ వాళ్ళు 100 పైబడిన మన నోట్లు చెల్లవన్నారు, మేం ఆ తర్వాతి ఏడాది పోఖ్రాలో ఇడ్లీ కోసం బస్సులో అందరి దగ్గరా 100లు చందా ఎత్తాం. ఎప్పుడెళ్ళినా అప్పటికి ఏ రూల్ నడుస్తోందో కనుక్కుని బయల్దేరండి.

గల్లాపెట్టె
పోఖ్రాల ఇడ్లీ ఎందుకు తిన్నరన్నా?

తిన్నగా_దిగు
బస్సులో 34 మంది తెలుగువాళ్ళు. వేరే ప్రశ్నలు అడగొద్దు.

బ్యాంకాక్_బుల్లోడు
సత్తిబాబూ ఇంకొక్కటి. చిల్లర కింద పడి గాలికి ఎగిరితే కాలితో తొక్కి ఆపకు, అక్కడి నోట్ల మీదా నాణేల మీదా రాజుగారి బొమ్మ ఉంటుంది, పెద్ద అపచారం. వంగి చేత్తో తియ్యి.

చిల్లరలేని_సత్తిబాబు
అప్డేట్. మీరు చెప్పినట్టే సెవెన్ ఎలెవెన్‌లో నీళ్ళసీసా కొన్నా, ఆ అబ్బాయి 1000 తీసుకుని చేతులు జోడించి మరీ చిల్లరిచ్చాడు. మూడు షాపుల్లో మూడు నోట్లు విడగొట్టా, రూమ్‌లో ఇప్పుడు ఆరు సీసాల నీళ్ళు, రెండు కొబ్బరి బిస్కెట్ ప్యాకెట్లు. మా ఆవిడ చూసి "చిల్లర కోసం ఎంత ఖర్చుపెట్టావు" అంది. ఇంకా 20 నోటు ఒకటి విడిగా చొక్కా జేబులో పెట్టుకుని పళ్ళబండి దగ్గరికి వెళ్ళా. బండి లేదు. పక్కన ఐస్ టీ అమ్మేవాణ్ణి చేత్తో కత్తి ఆడించి చూపించి అడిగితే, తల కింద రెండు చేతులు పెట్టుకుని పడుకున్నట్టు చూపించాడు. నిద్రపోతోందా, ఒంట్లో బాగోలేదా అర్థం కాలేదు. రేపు సాయంత్రం ఫ్లైట్.

కువైట్_కడపోడు
ఆ టీ వానికి ఇచ్చేసి రా అన్నా, ఇస్తాడులే.

గల్లాపెట్టె
20 బాత్‌లు. యాభై రూపాయలు. వదిలేయ్ భాయ్, ఆమె గూడ మర్చిపోయుంటది.

రిటైర్డ్_కండక్టర్
టికెట్టు వెనకాల రాసిచ్చాక మర్చిపోవడం ప్రయాణికుడి వంతు. ఈసారి బస్సులో ఉన్నది ఆవిడ, బ్యాగు మీ భుజాన ఉంది. రేపు పొద్దున ఇంకోసారి చూడండి.

చిల్లరలేని_సత్తిబాబు
పొద్దున ఏడింటికి దిగా. బండి ఉంది. 20 తీసి ఇచ్చా. ఆవిడ తీసుకుని నవ్వి, ఇంకో మామిడిపండు చేతిలోకి తీసుకుని కోయనా అన్నట్టు కత్తి చూపించింది. సరే అన్నా. జేబులో చూస్తే మిగిలింది 1000 నోట్లే, చిల్లరంతా మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో. లిఫ్ట్‌లో పైకెళ్తూ టైప్ చేస్తున్నా.